చీర కింద ఉండిపోయిన వరుసలు

ముప్పై రెండేళ్లు నేను చేసిన ఉద్యోగం ఏమిటంటే, రాళ్లకు తడి కాగితం అంటించడం. పెళ్లిచూపుల్లో మా మావగారు "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగితే, మా నాన్న "గవర్నమెంటు" అని ఊరుకున్నాడు. అంతకు మించి చెబితే సంబంధం తప్పిపోతుందని ఆయన భయం. పాత శాసనాలకు కాగితం మీద అచ్చు తీయడం నా పని. చదవడం నా పని కాదు. చదివేవాళ్లు ఆఫీసర్లు. వాళ్లు చదవగలిగే కాగితం చేతికివ్వడం వరకే నా వంతు.

ఈ మధ్య శాఖలో కొత్తగా చేరినవాళ్లు రాజమండ్రిలో మా ఇంటికి వచ్చినప్పుడు, "మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి మాస్టారూ" అంటూ ఉంటారు. గొప్పవన్నీ రిటైర్మెంటు సన్మానం రోజున మైకులో చెప్పేశారు. వాటిలో సగం నాకే కొత్తగా అనిపించాయి. ఇక్కడ మీకు చెప్పేది ఆ రోజున మైకులో ఎవరూ చెప్పనిది.

పని గురించి రెండు ముక్కలు. రాయిని శుభ్రంగా కడగాలి. నానబెట్టిన కాగితాన్ని దాని మీద పరిచి, బిరుసు కుచ్చు ఉన్న బ్రష్షుతో మెల్లగా కొడుతూ పోతే, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దితే చుట్టూ నలుపు, అక్షరం తెలుపు. అంతే. ఓపిక ఉన్నవాడెవడైనా ఆరు నెలల్లో నేర్చుకుంటాడు.

నేర్చుకోలేనిది వేరే ఉంది. అది ఊరివాళ్లతో మాట్లాడటం. మన డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టి తప్ప రాయి తగలదు. అందుకే పాత రాయి ఒకటి కనబడితే ఊళ్లో దానికి ఏదో ఒక ఉద్యోగం ఇచ్చేస్తారు. బట్టలుతుక్కునే బండ అవుతుంది, గుమ్మం ముందు మెట్టవుతుంది, లేదంటే దేవతవుతుంది. బండకీ మెట్టుకీ అచ్చు తీయడం తేలిక. దేవతకి తీయాలంటే నోరు మంచిదై ఉండాలి.

నేను చేరిన కొత్తలో, ఒక ఊళ్లో మా ఆఫీసరు ఒకాయన ఎవరినీ అడక్కుండా దేవత రాతి మీద పేరుకున్న నూనెమడ్డిని చాకుతో గీకాడు. జీపు టైర్లలో గాలి తీసేసి, మమ్మల్ని సాయంత్రం దాకా బడి వరండాలో కూర్చోబెట్టారు. మంచినీళ్లు మాత్రం ఇచ్చారు. ఆ రోజు నుంచి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. చెప్పులు దూరంగా విడిచి వెళ్లేవాణ్ణి. రాయి మీద నేను ముందు చెయ్యి వేసేవాణ్ణి కాదు. రోజూ దాన్ని చూసుకునే మనిషినే కడగమని అడిగేవాణ్ణి. ఆ కడగడం వాళ్లకు అభిషేకం, నాకు సగం పని. అలా తగాదా లేకుండా ఎన్నో ఊళ్లలో పని పూర్తిచేసుకొచ్చాను. "పల్లెటూళ్లకయితే ఇతన్నే పంపండి" అనే పేరొచ్చింది. పేరు ముందొచ్చింది, పొగరు దాని వెనకాలే వచ్చింది. పొగరని నేననుకోలేదులెండి, అనుభవం అనుకున్నాను.

రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుందనగా, రామచంద్రపురం దాటి గోదారి వైపు వెళ్తే వచ్చే ఒక చేపలుపట్టేవాళ్ల పేట నుంచి మా ఆఫీసుకి ఫోనులో ఫొటో ఒకటి వచ్చింది. ఏటిగట్టు అంచున ఛాతీ ఎత్తున ఒక రాతి స్తంభం. పై సగం పసుపు, కుంకుమ. కింది సగం ఎర్రచీర. పసుపు మధ్య అక్కడక్కడా అక్షరాలు.

అప్పుడు మా దగ్గరికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ముప్పై ఏళ్ల అమ్మాయి. అందరం మేడమ్ అనేవాళ్లం. తెలివైన మనిషి, మాట తక్కువ. ఫొటో చూసి ఫోనుని తలకిందులుగా తిప్పింది.

"బ్రాహ్మీ లిపి అండీ. శాతవాహనుల కాలం అక్షరాలు. స్తంభాన్ని తలకిందులుగా పాతేశారు" అంది.

ఆ మాట అని, ఫొటోని మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూసుకుంది. చూసుకోదూ మరి? మన వైపు బౌద్ధుల దిబ్బలు చాలానే ఉండేవి. ఇటుకల కోసం తవ్వుకుపోయినవే ఎక్కువ. ఫలానా ఊరివాళ్లం, ఫలానావాళ్లం, ఇది మేం ఇచ్చాం అని చెప్పే రాయి దొరకడం అరుదు.

ఆ కాలపు సంగతి ఒకటి మీకు చెప్పాలి. ఆ రాజులు యజ్ఞాలు చేసేవారు, బ్రాహ్మణులకు దానాలిచ్చేవారు. అదే ఇళ్లలో ఆడవాళ్లు బౌద్ధ భిక్షువులకు గుహలు తొలిపించేవారు, స్తంభాలు నిలబెట్టించేవారు. రాజుగారి ఇంట్లోనే కాదు, వర్తకుల భార్యలు, తోలుపనివాళ్లు, కమ్మరులు కూడా ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చి, రాతి మీద పేరు చెక్కించుకునేవారు. నీ మతమేది, నా మతమేది అని ఆ ఇళ్లలో తగువులు పడ్డారో లేదో తెలీదు గానీ, రాళ్ల మీద మాత్రం ఆ తగువులు పెద్దగా కనపడవు. పెద్ద రాజుల సంగతులు ఎలాగూ మిగులుతాయి. మామూలు మనుషులు మిగిలేది ఇలాంటి స్తంభాల మీదే. ఆ పేరు పోతే ఆ మనిషి రెండోసారి పోయినట్టే.

జూన్ నెలాఖరులో ఒక శుక్రవారం పొద్దున్నే మండపేట మీదుగా జీపులో బయల్దేరాం. దారి పొడుగునా ధాన్యం లారీలు. పేటకి చేరేసరికి ఎనిమిదయింది. కులపెద్ద ఎదురొచ్చి గట్టు మీదికి తీసుకెళ్లాడు. యాభై దాటిన మనిషి, చేపల వ్యాపారం.

గట్టు అంచు దాకా వెళ్లి చూశాను. నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంది. స్తంభానికీ అంచుకీ మధ్య నాలుగడుగులు కూడా లేదు. మట్టిలో పెద్ద నెర్రె ఒకటి పాకుతోంది.

"నిరుడు ఇక్కడ్నుంచి ఏటి దాకా ఇరవై కొబ్బరిచెట్లుండేయండి. ఇప్పుడు లెక్కపెట్టుకోండి, నాలుగు" అన్నాడు కులపెద్ద.

"వరద రాకముందే రాయిని వెనక్కి జరిపించొచ్చు కదండీ" అంది మేడమ్.

"అమ్మని కదపాలంటే పేటంతా కూర్చుని అనుకోవాలండి. ఇంకా కూర్చోలేదు. మీ ఆఫీసులో మట్టుకు కాయితం అంత బేగా కదుల్తదేంటండి?"

అదీ నిజమే. మేం బయల్దేరిన రోజుకే ఆ రాయి గురించిన ఫైలు మూడు బల్లల మీద నిద్రపోయి లేచింది. నాలుగో బల్ల మీద పడుకోబోతోంది. అంటే లెక్క తేలిపోయింది. రాయి దక్కకపోయినా దాని మీది మాట దక్కాలంటే, ఆ పూట నా కాగితం మీదికి ఎక్కాలి. మళ్లీ రావడానికి జీపు ఎప్పుడు దొరుకుతుందో, అప్పటికి గట్టు ఉంటుందో లేదో ఎవరికీ తెలీదు.

ఆ దేవత పేరు రేవమ్మ. పేటలో కొత్త వల అల్లితే ముందు తెచ్చి ఆవిడకి తాకించి, ఆ తర్వాతే నీళ్లలో వేస్తారు. రేవమ్మని చూసుకునే మనిషి ఒక ముసలావిడ, డెబ్భై అయిదు పైమాటే. పేటంతా పెద్దమ్మ అంటారు. పసుపు పెట్టడం, దీపం పెట్టడం, చీర కట్టడం అన్నీ ఆవిడే.

నా పద్ధతి ప్రకారం చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, "పెద్దమ్మగారూ, అమ్మకి ఒకసారి స్నానం చేయిస్తారా? కాయితం మీద అమ్మ రూపు తీసుకుని వెళ్తాం. ఒక గీత కూడా పడదండి" అన్నాను.

"ఆయ్, దానికేంటి బాబూ" అని ఆవిడ అప్పటికప్పుడు చింతపండు, కుంకుడురసం తెప్పించి మొదలుపెట్టింది. ఎన్నేళ్ల పసుపో, పొరలు పొరలుగా దిగింది. పీచుతో ఆవిడ తోమిన తోముడు నా బ్రష్షుకి చేతకాదు. గంటలో పైన అయిదు వరుసలు నిన్న చెక్కినంత స్పష్టంగా బయటపడ్డాయి. చీర దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగి, చేతులు కడుక్కుంది.

నేను పనిలో దిగాను. ఎండ బాగుంది, గాలి లేదు, కాగితం చెప్పినట్టు వింది. ఆ పూట తీసినంత చక్కటి అచ్చు నా సర్వీసులో అయిదారుకు మించి ఉండదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్తాను, తర్వాత జరిగింది ఎలాగూ చెప్పబోతున్నాను కాబట్టి.

అది ఆరుతుండగా మేడమ్ పక్కకి వచ్చి, పుస్తకంలో రాసుకున్నది చూపించింది. మెల్లగానే చెప్పింది గానీ కళ్లు మెరుస్తున్నాయి.

"దానం ఇచ్చింది ఒక ఆడమనిషి అండీ. భర్తతో, కొడుకులతో, కూతుళ్లతో, మనవలతో కలిసి భిక్షు సంఘానికి ఈ స్తంభం ఇచ్చానంటోంది. ఇది శాసనం చివరి భాగం. స్తంభం తలకిందులు కదా, మొదటి వరుసలు రెండో మూడో కింద ఉండాలి. పేరు, ఊరు, వృత్తి అన్నీ అక్కడే ఉంటాయి."

"కింద అంటే?"

"ఆ చీర కిందండీ." చీర వైపు చూసి, "పెద్దమ్మగారిని అడుగుదామా, కాస్త తీస్తారేమో?" అంది.

అప్పుడు నేనన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. గొంతు తగ్గించి, పళ్లు బిగించి, "అమ్మవారి చీర విప్పమని అడుగుతారా మేడమ్? మనం ఇక్కడ్నుంచి జీపులో వెళ్లాలనుకుంటున్నారా, నడిచి వెళ్లాలనుకుంటున్నారా?" అన్నాను.

"ఆడవాళ్లం కదండీ, నేను విడిగా అడిగి చూస్తాను. కాదంటే ఊరుకుంటాను."

"చదువులో మీరు పెద్దవాళ్లు. ఊళ్ల సంగతి నాకు వదిలెయ్యండి. ఆవిడ చీర దగ్గర చెయ్యి ఆపేసిందా లేదా? చూశారా? దానర్థం అదే. కొన్ని అడక్కూడదు. అడిగాక ఉన్నది కూడా చెడుతుంది."

ఇంకా ఊరుకోలేదు నేను. బడి వరండా కథ కూడా చెప్పాను. గాలి తీసిన టైర్లు రెండయితే నాలుగన్నాను. ఆవిడ తల దించుకుని పుస్తకం మూసేసింది. పన్నెండింటికి కులపెద్ద ఇంట్లో చేపలపులుసుతో భోంచేసి, పెద్దమ్మకి దణ్ణం పెట్టి, ఒంటిగంట లోపు బయల్దేరిపోయాం. దారి పొడుగునా మేడమ్ మూసిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి పాఠం బాగా ఎక్కిందనుకున్నాను.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. నాలుగో రోజున కులపెద్ద ఫోను చేశాడు. ఇళ్లలోకి నీళ్లు రాలేదని, మనుషులంతా బాగానే ఉన్నారని ముందు చెప్పాడు. ఆ తర్వాతే, "అమ్మ దిగిపోయిందండి" అన్నాడు. నీళ్లు తీశాక పేటలో ఈతగాళ్లు వారం రోజులు మునిగి వెతికారట. అక్కడ ఏరు పది నిలువుల లోతు కోసేసి, పైన ఇసక మేట వేసింది. వాళ్లకి దొరకనిది ఇంకెవరికీ దొరకదు.

మేడమ్ శాసనం పాఠం తయారుచేసి శాఖ సంచికకి పంపింది. అచ్చయి వచ్చాక చూశాను. అయిదు వరుసల కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: మొదటి వరుసలకు స్థానికుల మతపరమైన అభ్యంతరం వల్ల నకలు తీయడం సాధ్యపడలేదు. నన్ను అడిగే రాసింది, నేను అవునన్నాను. చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. పైగా ఇలాంటి వాక్యాలు సంచికల్లో మామూలే.

కార్తీకంలో కులపెద్ద మళ్లీ ఫోను చేశాడు. పాత గట్టుకి వెనకాల, ఊరివైపు ఒక వేపకర్ర పాతి అమ్మని నిలబెట్టుకున్నారట. "మీ దగ్గరున్న అమ్మ రూపు ఒకటి ఇప్పించండి మాస్టారూ, పటం కట్టించుకుంటాం" అన్నాడు. అసలు కాగితం ఇవ్వడం కుదరదు. ఫొటో తీసి ఫ్లెక్సీ షాపులో నిలువెత్తున కొట్టించాను. చుట్టబెట్టుకుని ఆదివారం బస్సెక్కి వెళ్లాను. నిజం చెప్పాలంటే, వాళ్లు సంతోషపడతారు, నన్ను మెచ్చుకుంటారు అనే ఆశ కూడా ఉంది.

అరుగు మీద ఫ్లెక్సీ పరిచాం. నలుపు మీద తెల్లటి అక్షరాలు తళతళలాడుతున్నాయి. అందరూ దణ్ణం పెట్టారు. పెద్దమ్మ వంగి, చెయ్యి ఆనించి, పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చింది. చివర చెయ్యి ఆగింది.

"ఇంతేనా బాబూ? అమ్మ సగమే వచ్చిందేంటి?"

"కింద చీర ఉంది కదండీ పెద్దమ్మగారూ."

"ఉంటే?"

"చీర కింద కూడా రాత ఉందండి. అది మాకు అందలేదు."

ఆవిడ నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఆశ్చర్యం. "అడిగితే తీసేదాన్ని కదండీ. శుక్రవారం శుక్రవారం చీర మార్చేది నేనే కదా. ఆరోజూ శుక్రవారమే. మీకు పనవ్వలేదు, మధ్యలో తడిపేత్తే మీ కాయితం పాడైపోద్దేమోనని నేనే ఆగేను. మీరెల్లిపోయేకా చీర తీసి, కింద కూడా తోమి, కొత్తది కట్టేను."

మేం కులపెద్ద ఇంట్లో పులుసు జుర్రుకుని జీపెక్కాక, ఆ మొదటి వరుసలు శుభ్రంగా, తడిగా, ఎండలో నిలబడి ఉన్నాయన్నమాట. చూడటానికి మేం లేము.

"ఏం రాసుందంట బాబూ దాని మీద?" అని అడిగింది పెద్దమ్మ. చెప్పాను. ఒకావిడ భర్తతో, కొడుకులతో, కూతుళ్లతో, మనవలతో కలిసి సన్యాసులకి ఇచ్చిన స్తంభం అన్నాను.

"ఎవరావిడ?"

"పేరు కింద ఉండిపోయిందండి."

పెద్దమ్మ అక్షరాలు ఆగిపోయిన చోట మళ్లీ చెయ్యి ఆనించింది. ఆ తర్వాత, "అయ్యో, పాపం" అంది. నన్ను అనలేదు. ఆవిడని అంది. సిగ్గుతో నాకు తల ఎత్తాలనిపించలేదు. మంచినీళ్లు ఇచ్చారు, టీ ఇచ్చారు, అరటిగెల ఒకటి బస్సు దాకా మోసుకొచ్చి ఎక్కించారు. అన్నీ తీసుకున్నాను.

ఆ ఊరివాళ్లకి నమ్మకాలున్నాయని తెలుసుకున్నాను గానీ, వాళ్లకి నోరు కూడా ఉందని మర్చిపోయాను. వాళ్ల తరఫున నేనే కాదనేశాను. దానికి గౌరవం అని పేరు పెట్టుకున్నాను. బడి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టినవాళ్లు ఎందుకు కూర్చోబెట్టారు? దేవతని ముట్టుకున్నందుకు కాదు, అడక్కుండా ముట్టుకున్నందుకు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ కథ చెప్పుకు తిరిగినవాడికి ఆ ముక్క మాత్రం ఎక్కలేదు.

సోమవారం ఆఫీసుకి వెళ్లి మేడమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. పడితే బాగుండేది. ఆవిడ బల్ల మీది సంచిక తెరిచి, ఆ అయిదు వరుసల పేజీ మీదికి వంగింది. ఆ రోజు గట్టు మీద తల దించుకున్నట్టే ఉంది.

"మీరు వద్దన్నారు, నిజమే. కానీ ఆఫీసర్ని నేనండీ. నేనూ అడగలేదు" అంది చివరికి.

"అడుగుతానన్న మనిషి నోరు నొక్కినవాణ్ణి నేను మేడమ్. దాన్ని మీరు పంచుకోకండి."

పేరు ఎలాగూ తిరిగి రాదు. సంచికలో ఆ పేటవాళ్ల మీద వేసిన నిందనైనా తీసెయ్యాలి అన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. పైఆఫీసులో పెద్దాయన మాత్రం నవ్వాడు. "ఆ వాక్యం ఎవడు చదివాడని దిద్దుతారయ్యా? ఆ చేపలుపట్టేవాళ్లు చదువుతారా?" అన్నాడు.

"వాళ్లు చదవరండి. చదివేవాళ్లు నమ్ముతారు. రేపు ఇంకో ఊరికి వెళ్లేవాడు అది చదివి, అక్కడా అడక్కుండానే తిరిగొస్తాడు" అన్నాను. అప్పటికి నాకు ఏడాది సర్వీసే మిగిలింది కాబట్టి కాస్త గట్టిగానే అన్నాను. ఆయన సంతకం పెట్టాడు, నా మాట నచ్చి కాదు, నేను బల్ల ముందు నుంచి కదలకపోతే.

సవరణ వాక్యం మేడమ్ రాసింది. మన ఆఫీసు అలవాటు ప్రకారం, 'స్థానికులను సంప్రదించడం జరగలేదు' అని రాసింది. నేను ఆవిడ చేతిలో పెన్ను తీసుకుని, మొదటిసారి, చివరిసారి, ఆఫీసరు రాసింది కొట్టేసి, నా మాటల్లో రాశాను. తర్వాతి సంచికలో ఆఖరి పేజీ అడుగున, తప్పొప్పుల పట్టికలో వచ్చింది. ముప్పై రెండేళ్లు ఎవరెవరో చెక్కించుకున్న మాటలకు నకళ్లు తీశాను. నా సొంత మాట అచ్చయింది అదొక్కటే:

"ఆ ఊరివారు అభ్యంతరం చెప్పలేదు. మేము అడగలేదు."